చుంచెలుక గుండె, దర్జీ పిట్ట గుండె

మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి పంపే ఒక మెసేజ్ ఏడాదికి రెండుసార్లయినా తిరిగొస్తుంది. దేవుడు ప్రతి జీవికీ వంద కోట్ల గుండె చప్పుళ్ళే రాసిపెట్టాడట. ఏనుగు గుండె నింపాదిగా కొట్టుకుంటుంది కాబట్టి అరవై డెబ్భై ఏళ్ళు బతుకుతుంది, ఎలుక గుండె పరుగులు పెడుతుంది కాబట్టి రెండేళ్ళకే పోతుంది. కాబట్టి టెన్షన్ పడకండి, ప్రాణాయామం చేయండి అని ముగింపు. కింద రెండు దండాల బొమ్మలు.

ప్రాణాయామంతో నాకు పేచీ లేదు. ఆ లెక్కతోనే ఉంది. అలాగని అది పూర్తి కట్టుకథ కూడా కాదు. వందేళ్ళ క్రితం పేరున్న శాస్త్రవేత్తలే దాదాపు ఆ మాట అన్నారు. జర్మనీలో మాక్స్ రుబ్నర్ 1908లో, అమెరికాలో రేమండ్ పెర్ల్ 1928లో, ప్రాణి ఎంత వేగంగా శక్తిని ఖర్చు చేస్తే అంత త్వరగా దాని ఆయుష్షు తీరిపోతుందని వాదించారు. ఊపిరి లెక్కతో ఆయుష్షును కొలిచే మన పెద్దల మాటకీ దీనికీ పెద్ద తేడా లేదు. వినగానే నిజమే అనిపిస్తుంది. కిరసనాయిలు దీపం వత్తి పెంచితే నూనె త్వరగా అయిపోతుంది కదా.

ఈ లెక్క ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో చూడటానికి అడవులకు వెళ్ళక్కర్లేదు. రాత్రి మా వంటింట్లో గ్యాస్ సిలిండర్ వెనక నుంచి కీచుమంటూ గోడవారనే పరిగెత్తే చుంచెలుక ఒకటి, తెల్లారగానే పెరట్లో నిమ్మచెట్టు మీద చెవులు చిల్లులు పడేలా అరిచే దర్జీ పిట్ట ఒకటి. ఈ రెండూ చాలు.

ముందు చుంచెలుక సంగతి. పేరులో ఎలుక ఉంది గానీ అది ఎలుక కాదు. ఎలుకా, ఉడుతా, పందికొక్కూ ఒక జాతి. వాటికి ముందు రెండేసి కొరికే పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటి వెనక దవడలో ఖాళీ ఉంటుంది. చుంచెలుక నోరు తెరిస్తే వరసగా మొనదేలిన పళ్ళే. ధాన్యం కొరికే నోరు కాదది, బొద్దింక పెంకు పగలగొట్టే నోరు. దీని చుట్టాలు ముళ్ళ ఒంటి హెడ్జ్‌హాగ్‌లు, నేల తవ్వుకుని బతికే మోల్‌లు. పొడుగాటి మూతి, గుండుసూది తలల్లాంటి కళ్ళు, మొదట్లో లావుగా ఉండే తోక చూస్తే తేడా తెలిసిపోతుంది. రాత్రి పూట తిరిగి బొద్దింకల్నీ చిమ్మెటల్నీ తినిపెట్టే ఈ జీవిని ఎలుకనుకుని బోనులో పట్టి చంపేస్తాం. బియ్యం బస్తా కొరికింది వేరేవాడు, శిక్ష దీనికి.

ఒంటికి రెండు పక్కలా ఉండే గ్రంథుల నుంచి ఘాటైన వాసన వస్తుంది. పిల్లి పట్టుకున్నా చాలాసార్లు తినకుండా వదిలేసి పోయేది ఆ కంపు వల్లే. చైనావాళ్ళకు మాత్రం దాని కీచుధ్వని నాణేలు గలగలలాడినట్టు వినిపించి, దాన్ని 'డబ్బు ఎలుక' అని పిలుచుకున్నారు. ఓడల్లో సరుకుతో పాటు ఎక్కి మన దేశం వైపు నుంచి తూర్పు ఆఫ్రికా దాకా, పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవి దాకా చేరింది. ఇంకో విచిత్రం ఉంది. ఎలుకలకు వాంతి చేసుకునే శక్తి లేదు. చుంచెలుకకు ఉంది, అటూ ఇటూ ఊపినా కక్కేస్తుంది. అందుకే 1980ల నుంచి జపాన్ పరిశోధకులు వాంతుల మందుల పరీక్షలకు దీన్ని వాడుతున్నారు. ఘాట్ రోడ్డులో బస్సెక్కితే మనకొచ్చే ఇబ్బంది దానికీ ఉందన్నమాట.

దర్జీ పిట్టకు ఇంత పరిచయం అక్కర్లేదు. బరువు ఆరు నుంచి పది గ్రాములు, పచ్చని వీపు, ఎర్రటి నుదురు, నిక్కబొడుచుకున్న తోక. ఆడపిట్ట పెద్ద ఆకు అంచుల వెంట ముక్కుతో చిల్లులు పొడిచి, సాలెగూటి దారమో పత్తి పోగో అందులోంచి లాగి, ఆకును దొన్నెలా మడుస్తుంది. మనం కుట్టినట్టు ఒకే దారంతో కుట్టదు. ప్రతి కుట్టూ దేనికదే విడి. బయటికొచ్చిన కొస పీచులా విచ్చుకుని, మేకు తలలా ఆకును పట్టి ఉంచుతుంది. ఆ దొన్నెలో మెత్తగా దూది పరిచి గుడ్లు పెడుతుంది. తినేది ప్రధానంగా పురుగులు. అంటే చుంచెలుకదీ దీనిదీ దాదాపు ఒకటే మెనూ. ఒకటి రాత్రి షిఫ్టు, ఒకటి పగటి షిఫ్టు.

ఒకే తిండి తినే ఈ రెండు చిన్న ఒళ్ళకూ ఉన్న కష్టం ఒకటే, వేడి నిలబెట్టుకోవడం. పెళ్ళిలో గుండిగ నిండా ఉన్న సాంబారు గంటల తరబడి పొగలు కక్కుతూనే ఉంటుంది. అదే సాంబారు గరిటెడు విస్తట్లో పోస్తే రెండు ముద్దలు తినేలోపు చల్లారిపోతుంది. పరిమాణం తగ్గేకొద్దీ లోపలున్న సరుకుతో పోలిస్తే బయటికి తెరుచుకున్న చర్మం ఎక్కువవుతుంది. వెచ్చని నెత్తురున్న చిన్న ప్రాణి అంటే విస్తట్లో గరిటెడు సాంబారు. చల్లారకుండా ఉండాలంటే కింద మంట ఆగకూడదు. వేడి పోవడమొక్కటే మొత్తం కారణం కాదని తర్వాత తేలింది గానీ, ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ గ్రాముకయ్యే ఖర్చు పెరుగుతుందన్నది మాత్రం గట్టిగా నిలబడిన విషయం. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త చిన్నా పెద్దా జంతువుల లెక్కలు పక్కపక్కన పెట్టి దీన్ని ఒక సూత్రంలో ఇమిడ్చాడు.

మన ఇంటి చుంచెలుక పిట్ట కన్నా చాలా బరువు, పెద్దది యాభై గ్రాములు దాటుతుంది. కాబట్టి ఈ రెంటినీ నేరుగా తూచడం న్యాయం కాదు. దాని దగ్గరి బంధువు ఒకటుంది, ఎట్రుస్కన్ చుంచు. మధ్యధరా తీరం నుంచి మన దేశం దాకా కనిపిస్తుంది. బరువు రెండు గ్రాముల లోపే. బరువు ప్రకారం ప్రపంచంలోకెల్లా చిన్న క్షీరదం ఇదే. విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని గుండె నిమిషానికి 835 సార్లు కొట్టుకుంటుందని 1990లలో కొలిచారు. కంగారు పడితే 1,511. అంటే సెకనుకు 25 సార్లు. మనం 'ఒకటి' అనేలోపు పాతిక. రోజుకు తన బరువుకు మించిన తిండి కావాలి. చీకట్లో మూతి మీది మీసాలతో తడిమి చిమ్మెటను గుర్తుపట్టి, అది ఎగిరేలోపు కొరికేస్తుంది. చూపుతో పనే లేదు.

ఇంత ఖర్చుకు ఆదాయం ఎలా? ఇక్కడే దారులు చీలతాయి. చుంచుల జాతిది రోజుకూలీ బతుకు. వాటిలో చాలావాటికి రాత్రీ పగలూ తేడా లేకుండా కొద్దిసేపు వేట, కొద్దిసేపు కునుకు, మళ్ళీ వేట. చలిదేశాల చుంచులైతే కొన్ని గంటలు తిండి దొరక్కపోయినా చచ్చిపోతాయి. పిట్ట అలా కాదు. పగలంతా తిని, పొద్దుగూకితే కొమ్మ మీద కూర్చుని తెల్లారే దాకా ముక్కులో మెతుకు పెట్టదు. పొద్దున్నుంచీ కూడబెట్టిన కొవ్వే రాత్రికి దిక్కు. ఐరోపా చలికాలంలో ఐదారు గ్రాముల గోల్డ్‌క్రెస్ట్ పిట్ట ఒక్క రాత్రిలో తన బరువులో ఐదోవంతు దాకా కరిగించుకుంటుంది. అరవై కిలోల మనిషి తెల్లారేసరికి పన్నెండు కిలోలు తగ్గి లేచినట్టు.

చలిదేశాల చుంచులు చేసే ఇంకో పని వింటే నమ్మబుద్ధి కాదు. చలికాలానికి ముందు వాటి పుర్రె కుదించుకుపోతుంది. పోలండ్ శాస్త్రవేత్త ఆగస్ట్ డెనెల్ 1949లో దీన్ని బయటపెట్టాడు. ఇటీవల జర్మనీలో బతికున్న చుంచుల్ని ఎక్స్‌రే తీస్తూ పోతే, చలికాలానికి పుర్రె ఎత్తు సగటున 15 శాతం తగ్గి, వసంతంలో మళ్ళీ కొంత పెరిగింది. మెదడు నడపడం ఖరీదైన వ్యవహారం కదా, ఆదాయం లేని రోజుల్లో ఒక గదికి తాళం వేసుకున్నట్టు. చిన్న ముంగిసలా ఉండే వీజిల్ కూడా ఇదే పని చేస్తుంది.

ఇప్పుడు ఇంజన్ల దగ్గరకొద్దాం. మనలాగే చుంచెలుక కూడా ఊపిరితిత్తుల కింద పరదాలా ఉండే కండరాన్ని, ఉదరవితానాన్ని కిందికి లాగి ఊపిరి తీసుకుంటుంది, వచ్చిన దారినే వదులుతుంది. ఎంత వదిలినా ఊపిరితిత్తుల్లో కొంత పాత గాలి మిగిలే ఉంటుంది. కొత్త గాలి దాంతో కలుస్తుంది. ఒకే తలుపున్న దుకాణంలో వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తోసుకున్నట్టు. పిట్ట ఊపిరితిత్తులకు ముందు తలుపు వేరు, వెనక తలుపు వేరు. ఒంట్లో అక్కడక్కడా ఉండే గాలి తిత్తులు కొలిమి తిత్తుల్లా పనిచేసి, ఊపిరి పీల్చినప్పుడూ వదిలినప్పుడూ కూడా తాజా గాలిని ఒకే దిశలో ఊపిరితిత్తుల గుండా నడిపిస్తాయి. హిమాలయాలు దాటి చలికాలంలో మన చెరువులకొచ్చే బార్ హెడెడ్ గూస్ అనే బాతుజాతి పక్షికి ఆ ఎత్తులో ఊపిరాడటానికి ఈ ఏర్పాటు కూడా ఒక కారణం.

పక్షుల ఒళ్ళు కూడా మన కన్నా వేడి. మనకు 37 డిగ్రీలు మామూలైతే చాలా పక్షులకు 40 నుంచి 42. మనం ఆ వేడిలో ఆస్పత్రిలో ఉంటాం. నెత్తుట్లో చక్కెర ఇంకా ఆశ్చర్యం. పరగడుపున వంద దాటితే మనకు డాక్టరు చూపు మారిపోతుంది. పక్షులకు 200 నుంచి 350 దాకా ఉండటం మామూలు. మన ఇళ్ళల్లో ఆ నంబరు వస్తే ఇన్సులిన్ మాట ఎత్తుతారు. ఆ పిట్టకు కిడ్నీ పాడవదు, కన్ను పోదు.

ఇక్కడ ఒక పొరపాటు సవరించాలి. పక్షుల ఎముకలు బోలుగా ఉంటాయి కాబట్టి అస్థిపంజరం తేలిక అని స్కూల్లో చదువుకున్నాం. బోలు నిజమే. కానీ ఒకే బరువున్న పక్షినీ క్షీరదాన్నీ తూస్తే వాటి అస్థిపంజరాల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాటల పక్షుల ఎముక పదార్థం ఎలుకల ఎముక కన్నా చిక్కనిదని 2010లో తేలింది. గొట్టం సన్నం, గోడ గట్టి. 'పిట్ట మెదడు' అనే తిట్టు కూడా అంతే. 2016లో వచ్చిన ఒక లెక్కలో గోల్డ్‌క్రెస్ట్ మెదడులో దాదాపు 16 కోట్ల నాడీకణాలున్నాయి. దానికన్నా ఎన్నో రెట్లు బరువున్న చిట్టెలుక మెదడులో 7 కోట్లే.

ఇంత వేడి, ఇంత చక్కెర, ఇంత ఇంధనం. పాటల పక్షుల ఖర్చు అదే బరువున్న సగటు క్షీరదం ఖర్చు కన్నా ఎక్కువ. రుబ్నర్, పెర్ల్ చెప్పింది నిజమైతే పిట్ట చుంచెలుక కన్నా ముందే పోవాలి.

బాబాయి పంపిన వంద కోట్ల లెక్క వేద్దాం. ఎట్రుస్కన్ చుంచు గుండె నిమిషానికి 835 చొప్పున ఏడాదికి దాదాపు 44 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. రెండేళ్ళు బతికితే 88 కోట్లు. ఏనుగుకు నిమిషానికి 30 చొప్పున 60 ఏళ్ళకు దాదాపు 95 కోట్లు. భలే కుదిరింది కదా. అందుకే ఆ మెసేజ్‌లో ఎప్పుడూ ఏనుగూ ఎలుకే ఉంటాయి. ఇప్పుడు చిన్న పిట్ట. నిమిషానికి 500 అని తక్కువే వేసుకుందాం. ఏడాదికి 26 కోట్లు. పదేళ్ళు బతికితే 263 కోట్లు. పంజరంలో కానరీ పిట్ట పదేళ్ళు బతకడం వింత కాదు. ఇక మనిషి, నిమిషానికి 70 చొప్పున 70 ఏళ్ళకు 257 కోట్లు. మెసేజ్ ఫార్వర్డ్ చేసే బాబాయే ఆ లెక్కకు లొంగడు.

పదేళ్ళు ఎక్కడిది, మా పెరట్లో పిట్టలు ఏడాదికే కనపడవు అని ఎవరైనా అనవచ్చు. అది సరైన ప్రశ్న. ఆయుష్షు మీద జరిగే గందరగోళంలో సగం ఇక్కడే ఉంది. 'సగటున ఎంతకాలం బతుకుతుంది' అనేది వేరు, 'బతకనిస్తే ఎంతకాలం బతకగలదు' అనేది వేరు. ఐరోపాలో టిట్ జాతి చిన్న పిట్టల్లో పెద్దవి కూడా ఏటా సగం దాకా చచ్చిపోతాయి. చలి, ఆకలి, డేగ, పిల్లి. సగటు తీస్తే రెండు మూడేళ్ళు. కానీ కాలికి రింగు వేసిన గ్రేట్ టిట్ ఒకటి 15 ఏళ్ళ తర్వాత దొరికింది. ఇరవై గ్రాములుండే యూరోపియన్ రాబిన్ రికార్డు 19 ఏళ్ళకు పైనే. చుంచులకు ఎంత సుఖంగా తిండి పెట్టి ఉంచినా అక్కడికి చేరవు. ఐరోపా అడవుల్లో మామూలుగా కనిపించే చుంచు రెండేళ్ళు నిండేలోపే పళ్ళు అరిగిపోయి, ముసలిదై పోతుంది. వాటి పళ్ళ కొసలు ఇనుముతో ఎర్రగా ఉంటాయి, అయినా అరుగుతాయి. మన ఇంటి చుంచెలుక తెల్లపళ్ళ కుటుంబం. వీటి ఒంటి ఖర్చు ఎర్రపళ్ళ వాటికన్నా తక్కువ, ఆయుష్షు కొంత ఎక్కువ. చుంచుల లోపల పోల్చుకుంటే పెర్ల్ మాటకు కొంత బలం ఉందన్నమాట. పిట్టను పక్కన కూర్చోబెట్టగానే కథ తిరగబడుతుంది.

ఎందుకు తిరగబడుతుంది అన్నదానికి జవాబులు రెండు రకాలు. ఒకటి 'దేని కోసం', రెండోది 'దేనితో'. వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే చాలామంది తికమక పడతారు.

మొదటిది పరిణామం వైపు జవాబు. 1957లో జార్జ్ విలియమ్స్ అనే పరిణామ శాస్త్రవేత్త చేసిన వాదన ఇలా సాగుతుంది. ఎలాగూ ఏడాదిలోపు ఎవరో ఒకరికి ఆహారమయ్యే ప్రాణికి, మూడో ఏట వచ్చే జబ్బును ఆపే మరమ్మతు వ్యవస్థ దండగ ఖర్చు. ఆ శక్తి ముందే పిల్లల మీద పెట్టినదే లాభపడుతుంది. రేపు కూల్చేసే అద్దె ఇంటికి ఎవరు సున్నం వేయిస్తారు? చుంచెలుక నేల మీద తిరుగుతుంది, ఎటు చూసినా శత్రువులే. అందుకని తొందర. పుట్టిన రెండు నెలల్లోపే ఈడుకొస్తుంది, నెల రోజుల గర్భం, వెంటనే మరో ఈత. పిల్లలు కళ్ళు తెరిచి నడక నేర్చే రోజుల్లో తల్లి తోక మొదలు ఒకటి నోట కరుచుకుంటే, దాని తోక ఇంకొకటి, అలా రైలు పెట్టెల్లా తల్లి వెనక సాగిపోతాయి. నేను ఒక్కసారే చూశాను, గోడ పక్క తాడు పాకుతోందనుకుని అరిచాను.

రెక్కలున్నదానికి ప్రమాదం వస్తే ఎగిరిపోయే వీలుంది. వచ్చే ఏడాది ఉంటానన్న ఆశ ఉంటే ఒంటిని బాగుచేసుకోవడం దండగ కాదు. ఇది కట్టుకథ కాదనడానికి గట్టి సాక్షి గబ్బిలం. అది చుంచెలుకలాగే క్షీరదం, పాలిస్తుంది, చిన్నది, వేడి నెత్తురు. తేడా రెక్కలే. సైబీరియాలో ఏడు గ్రాముల బ్రాంట్ గబ్బిలం ఒకటి 41 ఏళ్ళు బతికినట్టు రికార్డుంది. మరో సాక్షి అమెరికాలోని జార్జియా తీరానికి దగ్గరున్న సాపెలో దీవి. అక్కడి ఒపోసమ్‌లను, అంటే పొట్ట సంచిలో పిల్లల్ని పెంచే జంతువులను, వేటాడే పెద్ద జంతువులు లేవు. స్టీవెన్ ఆస్టడ్ అనే పరిశోధకుడు 1993లో చూపించినదేమంటే, ఒడ్డున ఉన్న తమ జాతివాటికన్నా ఆ దీవి ఒపోసమ్‌లు నెమ్మదిగా ముసలివవుతాయి. ఎగరకపోయినా సరే, చంపేవాళ్ళు లేకపోతే చాలు.

రెండో జవాబు కణాల లోపలిది. ప్రతి కణంలో ఇంధనం మండించే పొయ్యిలు, మైటోకాండ్రియాలు ఉంటాయి. మండేటప్పుడు కొన్ని నిప్పురవ్వలు బయటపడి చుట్టూ ఉన్నదాన్ని కాలుస్తాయి. ఎక్కువ మండిస్తే ఎక్కువ రవ్వలు, ఎక్కువ కాలడం అని పాత ఊహ. 1990లలో ఎలుకనూ పావురాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. బరువులో అవి మరీ దూరం కావు. కానీ ఎలుక నాలుగేళ్ళు, పావురం ముప్పై అయిదేళ్ళు. పావురం పొయ్యిలు ఎక్కువ మండించినా రవ్వలు తక్కువ వదిలాయి. అంటే మంట ఎంత పెద్దదన్నది కాదు, పొయ్యి ఎంత బాగా కట్టారన్నది లెక్క. మా అమ్మమ్మ ఊళ్ళో పొగరాని పొయ్యి వచ్చిన ఏడాది వంటిల్లు ఎలా మారిందో చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది.

ఇదొక్కటే మొత్తం కథ అనుకుంటే మళ్ళీ తప్పులో కాలేసినట్టే. ఆఫ్రికాలో నేల కింద బతికే, ఒంటి మీద వెంట్రుకలు లేని నేకెడ్ మోల్ ర్యాట్ ఎలుకల జాతిదే, ముప్పై ఏళ్ళు దాటి బతుకుతుంది. దాని కణాల్లో కాలిన మచ్చలు మాత్రం తక్కువేం కావు. చక్కెర సంగతి కూడా అలాగే చిక్కుముడి. పక్షి ఒంట్లో ప్రోటీన్లకు ఆ చక్కెర అంటుకుని పాడుచేయకుండా ఏది కాపాడుతోందన్న దానిమీద పరిశోధన నడుస్తూనే ఉంది. షుగర్ ఉన్న ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి నాకు అన్నిటికన్నా ఆసక్తి ఆ ముక్క మీదే.

ఇంకొక మెలిక కూడా చెప్పాలి. పైన చెప్పిన పిట్టల లెక్కలు చాలావరకు చలిదేశాలవి. పనామా అడవుల్లో కొలిచి చూస్తే ఉష్ణమండలం పక్షులు విశ్రాంతిలో చలిదేశాల పక్షుల కన్నా తక్కువ ఖర్చు చేస్తున్నాయని 2007లో తేలింది. ఒక్కో ఈతకు గుడ్లు తక్కువ పెడతాయి, నింపాదిగా బతుకుతాయి. దర్జీ పిట్ట కూడా మూడు నాలుగు గుడ్లతో సరిపెట్టుకుంటుంది. పన్నెండు రోజులు పొదుగుతుంది, రెండు వారాల్లో పిల్లలు ఎగిరిపోతాయి, ఒకవేళ పిల్లి, తొండ, జెముడుకాకి కన్ను పడకపోతే.

పిట్ట గుడ్డు పెట్టడంలో కూడా ఎగిరే ఒంటి లెక్కే ఉంది. కడుపులో పిల్లల్ని మోస్తూ పురుగుల వెంట ఎగరడం కష్టం. అందుకని రోజుకొక గుడ్డు చొప్పున బరువు దించుకుంటుంది. అసలు చాలా పక్షుల్లో పనిచేసే అండాశయం ఎడమవైపుదొక్కటే. చుంచెలుక తల్లికి ఆ బాధ లేదు. నెల రోజులు మోస్తుంది, పాలిస్తుంది. పాలిచ్చే పనిలో మగచుంచుకు పాత్ర లేదు. పిట్టల ఇంట్లో పాలు లేవు కాబట్టి తండ్రి కూడా ముక్కున పురుగు పట్టుకుని తిరగాల్సిందే.

ఈ రెండు వంశాలూ విడిపోయి ముప్పై కోట్ల ఏళ్ళు దాటింది. వేడి నెత్తురు, నాలుగు గదుల గుండె రెండూ ఎవరికి వారే విడివిడిగా సంపాదించుకున్నాయి. రాక్షసబల్లుల కాలంలో మన క్షీరద పూర్వీకులు చీకట్లో నక్కి బతికినప్పుడు రంగుల చూపు చాలావరకు పోయి, వాసన, వినికిడి, మీసాల స్పర్శ మిగిలాయి. చుంచెలుక ఇప్పటికీ ఆ రాత్రిలోనే ఉంది. పిట్ట కంట్లో మాత్రం నాలుగు రకాల రంగు కణాలున్నాయి. మనకు మూడే, చాలా క్షీరదాలకు రెండే.

పిట్టల ఆయుష్షు గురించి ఇంత నమ్మకంగా మాట్లాడగలగడానికి కారణం కాళ్ళకు తొడిగిన అల్యూమినియం రింగులు. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఈ పని 1927లో మొదలుపెట్టింది. మా నిమ్మచెట్టు పిట్టకు రింగు లేదు. రోజూ పొద్దున అయిదున్నరకు అదే కొమ్మ మీద, అదే అరుపు. అయిదేళ్ళుగా వింటున్నది ఒకే పిట్టదో, తండ్రిదీ కొడుకుదో నేను చెప్పలేను. రెండూ కుదిరే మాటలే. సిలిండర్ వెనకున్నదానికి మాత్రం రింగు అక్కర్లేదు. అయిదేళ్ళ క్రితం అక్కడ కీచుమన్నది ఇది కాదు, దాని అమ్మ కూడా కాదు.